మాటల మడి

మూడేళ్ళ కిందటి సంగతి. ఇప్పటికీ తల్చుకుంటే సిగ్గుగానే ఉంటుంది. డిగ్రీ కాలేజీల్లో పనిచేసే ఆడవాళ్ళం కొందరం ఫోన్లలో ఒక గ్రూపు పెట్టుకున్నాం. సెమినార్ల కబుర్లు, వాల్యుయేషన్ గొడవలు, పిల్లల ఫోటోలు అన్నీ అందులోనే. ఒకరోజు రాత్రి పదిన్నరకి ఒక గెస్ట్ లెక్చరర్ పెద్ద మెసేజ్ పెట్టింది. ఇంగ్లీషులో రాసింది. తనకి ఏడో నెల. వచ్చే సెమిస్టర్ నుంచి రావద్దని ప్రిన్సిపాల్ నోటిమాటగా చెప్పాడు. కాన్పయ్యాక మళ్ళీ తీసుకుంటారా అంటే జవాబు లేదు. ఏం చెయ్యాలో ఎవరైనా చెప్పండి అని అడిగింది.

ఆ మెసేజ్‌లో ప్రిన్సిపాల్ అన్న మాట మూడుచోట్ల వచ్చింది. చివర పి-ఏ-ఎల్ ఉండాల్సిన చోట మూడుసార్లూ పి-ఎల్-ఈ ఉంది. అంటే కాలేజీ అధిపతి కాస్తా 'సూత్రం' అయిపోయాడు. నేను చేసిన పనల్లా, ఒక నక్షత్రం గుర్తు పెట్టి దాని పక్కన సరైన స్పెల్లింగు రాసి పంపడం. అంతే, ఒక్క మాట. రెండు నిమిషాల్లో ఎవరో నవ్వే బొమ్మ పెట్టారు. ఇంకెవరో "మన ప్రిన్సిపాళ్ళకి ప్రిన్సిపుల్స్ ఎక్కడివిలెండి" అని జోకేశారు. ఆమె "సారీ మేడమ్" అంది. ఆ తర్వాత మాటలు ఇన్విజిలేషన్ డ్యూటీల మీదికి మళ్ళాయి.

ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్‌లో రోజుకూలీకి పనిచేసే ఆడవాళ్ళకి కూడా ప్రసూతి సౌకర్యాలు వర్తిస్తాయని 2000లో సుప్రీంకోర్టు చెప్పిన సంగతి ఆ గ్రూపులో కనీసం ఇద్దరు ముగ్గురికి తెలుసు. నాకైతే ఇంకా బాగా తెలుసు. ఆ తీర్పు మీద ఒక వ్యాసంలో ఫుట్‌నోట్ రాసుకున్నాను. ఆ రాత్రి అది నాకు గుర్తు రాలేదు. స్పెల్లింగు గుర్తొచ్చింది.

ఎందుకలా జరిగింది? ఒక స్త్రీ తన పొట్టా, ఉద్యోగం గురించి చెబుతుంటే, స్త్రీవాద సాహిత్యం మీద పరిశోధన చేసిన నాకు ముందుగా కనిపించింది అక్షరదోషం ఎందుకైంది? ఈ ప్రశ్నతోనే కొన్ని పుస్తకాల్ని మళ్ళీ చదివాను. ఆ చదువే ఈ వ్యాసం.

ముందు ఆ తప్పు సంగతే చూద్దాం. ఇంగ్లీషువాళ్ళ నోట్లో ఆ రెండు మాటలూ ఒకేలా పలుకుతాయి. మన నోట్లో అలా కాదు. మనం 'ప్రిన్సిపాల్ గారు' అంటాం, 'ఆయనకి కొన్ని ప్రిన్సిపుల్స్ ఉన్నాయి' అంటాం. ఇంగ్లీషు చెవి కలిపేసిన వాటిని తెలుగు నాలుక విడదీసుకుంది. ఇంకో జత ఉంది, దాంట్లో దీనికి వ్యతిరేకం. ఒదులుగా ఉన్న చొక్కాని లూజు అంటాం. ఇంగ్లీషులో ఆ మాట చివర పలికేది 'స'. పోగొట్టుకోవడం అనే మాట చివరే 'జ'లాంటి ధ్వని ఉంది. మన దగ్గర రెండూ లూజే. ఒక 'ఓ' ఎక్కడ పెట్టాలో, రెండు 'ఓ'లు ఎక్కడ పెట్టాలో మన చెవి మనకి చెప్పదు. సలహా అనే నామవాచకంలో 'సి', సలహా ఇవ్వడం అనే క్రియలో 'ఎస్' రాయాలన్న దగ్గరా ఇదే ఇబ్బంది. ఇక 'అక్కడ' అనే మాటా, 'వాళ్ళ' అనే మాటా తెలుగు లిపిలో రాస్తే రెండూ 'దేర్' అయి ఊరుకుంటాయి. ఆ తేడా చూపించాలంటే నాకిక్కడ అక్షరాల పేర్లు వల్లె వెయ్యడం తప్ప దారి లేదు. ఈ తప్పుల్లో చాలావాటి వెనక తెలివితక్కువతనం లేదు. చెవిని నమ్ముకుని రాయడం ఉంది. తెలుగులో చదువు మొదలుపెట్టిన పిల్లకి చెవిని నమ్మమనే కదా నేర్పాం.

ఇంగ్లీషు స్పెల్లింగు చెవిని నమ్మనివ్వదు. అందులో తర్కం కంటే చరిత్ర ఎక్కువ. అప్పు అనే అర్థమున్న 'డెట్'లో పలకని 'బి' ఉంది చూడండి. అది ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు ఆ 'బి' లేదు. లాటిన్ మూలాన్ని గుర్తుచెయ్యాలని తర్వాతి పండితులు తెచ్చి ఇరికించారు. షేక్‌స్పియర్ ఒక నాటకంలో హోలోఫెర్నిస్ అనే బడిపంతులు పాత్రని పెట్టి, ఆ 'బి'ని జనం పలకడం లేదని వాడి చేత వాపోయేలా చేసి నవ్వించాడు. అంటే నాలుగు వందల ఏళ్ళ కిందటే స్పెల్లింగు పట్టింపు ప్రహసనానికి పనికొచ్చే వస్తువు. 'దాని' అని అర్థమిచ్చే 'ఇట్స్'కి అపాస్ట్రఫీ పెట్టడం ఇప్పుడు పెద్ద తప్పు. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ మొదటి ఫోలియోలో ఆ మాట అపాస్ట్రఫీతోనే కనిపిస్తుంది. నేటి తప్పుల్లో కొన్ని నిన్నటి ఒప్పులు.

ఈ అపాస్ట్రఫీని పట్టుకునే 2003లో బ్రిటన్‌లో ఒక పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. లిన్ ట్రస్ రాసిన 'ఈట్స్, షూట్స్ అండ్ లీవ్స్'. విరామచిహ్నాల విషయంలో ఏ మాత్రం సహించేది లేదన్నది దాని ఉపశీర్షిక. చదువుతుంటే నవ్వొస్తుంది, రచయిత్రికి చమత్కారం ఉంది. విరామచిహ్నాలకీ కూలి కట్టివ్వమని 1905లో సమ్మె చేసిన సెయింట్ పీటర్స్‌బర్గ్ అచ్చు కార్మికులకి పుస్తకాన్ని అంకితమివ్వడం నాకు ఎంతో నచ్చింది. అక్షరం పేర్చే చేతిని తలుచుకున్న పుస్తకం కదా అనుకున్నాను. కానీ లోపలికి వెళ్ళేకొద్దీ ఆ చెయ్యి కనబడదు. 'ఇట్స్'లో అపాస్ట్రఫీ తప్పు రాసేవాళ్ళ మీద పిడుగు పడాలనీ, పేరులేని గోతిలో పూడ్చాలనీ అర్థం వచ్చే హాస్యం ఉంటుంది. పళ్ళ దుకాణాల బోర్డుల మీద వెటకారం ఉంటుంది. పేర్చే కార్మికుడికి అంకితం, రాయడానికి తడుముకునే చిల్లర వర్తకుడికి చీవాట్లు. 2004లో న్యూయార్కర్ పత్రికలో లూయీ మెనాండ్ సమీక్ష రాస్తూ, ఆ పుస్తకంలో మొదటి తప్పు అంకితంలోనే ఉందనీ, అక్కడొక కామా లోపించిందనీ చూపించాడు. ఇదంతా నాకు మొదట తమాషాగా అనిపించింది. తర్వాత విసుగు పుట్టింది. తప్పు పట్టినావిడలో తప్పు పట్టడం, మళ్ళీ ఆయనలో ఇంకొకరు పట్టడం. ఈ గొలుసులో ఎవరూ ఎవరినీ 'ఏం చెబుతున్నావు' అని అడగరు.

ట్రస్ శిక్షాస్మృతిని అమలు చేస్తే మొదట గోతిలో పడేవాళ్ళలో ఎమిలీ డికిన్‌సన్ ఉంటుంది. 'దాని' అనే అర్థంలో ఆమె అపాస్ట్రఫీ పెట్టే రాసింది. ఒకసారి కాదు, అది ఆమె అలవాటు. 'మీద' అనే అర్థమున్న 'అపాన్'ని 'యు'తో కాక 'ఓ'తో మొదలుపెట్టింది. వాక్యాల నిండా గీతలు. దాదాపు 1800 కవితలు రాసి, బతికుండగా పది పన్నెండుకి మించి అచ్చులో చూసుకోకుండా 1886లో చనిపోయింది. 1890లో మేబెల్ లూమిస్ టాడ్, థామస్ వెంట్‌వర్త్ హిగ్గిన్‌సన్ మొదటి సంపుటం తెచ్చినప్పుడు గీతల్ని తగ్గించారు, కవితలకి పేర్లు పెట్టారు, కొన్నిచోట్ల ప్రాసలు కుదిరేలా మాటలు మార్చారు. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. వాళ్ళ శ్రమ లేకపోతే ఆ కవితలు మనదాకా వచ్చేవో లేదో. కానీ 1955లో థామస్ జాన్సన్ రాతప్రతుల ప్రకారం మళ్ళీ సంపుటాలు తెచ్చేదాకా పాఠకులు చదివిన డికిన్‌సన్ చాలావరకు తల దువ్వి, జడ వేసి, పదిమందిలోకి పంపిన డికిన్‌సన్. ఆ గీతల దగ్గర ఆమె ఊపిరి ఆగడం, ఆలోచన మలుపు తిరగడం అరవై అయిదేళ్ళపాటు లోకానికి సరిగా వినపడలేదు. సుజన్ హౌ వంటి కవులు తర్వాత ఆమె రాతప్రతుల ముందు కూర్చుని అడిగింది ఇదే. దిద్దినప్పుడు పోయింది తప్పేనా, ఇంకేమైనా పోయిందా?

జేన్ ఆస్టిన్ పద్నాలుగేళ్ళ వయసులో, 1790లో రాసిన కథ పేరులోనే స్నేహమనే మాటలో 'ఐ', 'ఈ' తారుమారయ్యాయి. ఇప్పటికీ ఆ కథని ఆ తప్పుతోనే అచ్చు వేస్తారు, ముచ్చటగా. అదే 2010లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకురాలు కాథరిన్ సదర్లాండ్ ఆస్టిన్ రాతప్రతుల్ని పరిశీలించి, అచ్చులో కనిపించే నున్నటి వాక్యం రాతలో లేదనీ, ప్రచురణకర్త దగ్గర పనిచేసిన విలియం గిఫర్డ్ దిద్దుబాటు అందులో ఉండొచ్చనీ అన్నప్పుడు పత్రికలు ఎలా రాశాయి? ఆస్టిన్‌కి స్పెల్లింగు రాదట అని రాశాయి. సదర్లాండ్ చెప్పదల్చుకున్నది వేరు. ఆ రాతప్రతుల్లో మాట్లాడే గొంతుకి దగ్గరైన, ప్రయోగాలు చేసే రచయిత్రి కనిపిస్తుందన్నది ఆమె మాట. వార్తకి మాత్రం ఆడదాని అక్షరదోషమే పనికొచ్చింది. ఆ కాలంలో మగవాళ్ళ చేతిరాతలూ అలాగే ఉండేవని కొందరు పండితులు గుర్తు చెయ్యాల్సి వచ్చింది.

ఇలా దిద్దాలన్న కోరికని అర్థం చేసుకోవడానికి నాకు బాగా ఉపయోగపడింది డెబొరా కామెరన్ 1995లో రాసిన 'వెర్బల్ హైజీన్'. ఆమె స్త్రీవాద భాషాశాస్త్రవేత్త. భాషని శుభ్రం చెయ్యాలన్న తాపత్రయం వ్యాకరణ పండితుల జబ్బు మాత్రమే కాదంటుంది. భాష వాడే ప్రతివాళ్ళలోనూ అది ఉంది. సెక్సిస్టు మాటలు వాడొద్దని మనం పోరాడ్డం కూడా భాషని శుభ్రం చెయ్యడమే. కాబట్టి దిద్దడం మంచిదా చెడ్డదా అనే ప్రశ్న దగ్గర ఆగిపోకూడదు. ఏ విలువ కోసం, ఎవరి మేలు కోసం, ఎవరి చేత దిద్దించడం అని అడగాలి. అక్షరాల మీద ఆందోళన పెరిగినప్పుడల్లా దాని వెనక మరేదో ఆందోళన ఉంటుందని, బ్రిటన్‌లో 1980లలో బడుల్లో వ్యాకరణం గురించి జరిగిన గొడవని తీసుకుని చూపిస్తుంది.

ఆ పుస్తకం పేరుని తెలుగులో ఏమనాలా అని చాలాసేపు ఆలోచించాను. భాషా పరిశుభ్రత అంటే మునిసిపాలిటీ బోర్డులా ఉంది. మన ఇళ్ళల్లో దీనికి వేరే మాట ఉంది, మడి. శుభ్రతకి మురికి వదిలితే చాలు. మడికి అది చాలదు. ఎంత శుభ్రంగా ఉన్నవాళ్ళయినా ముట్టుకున్నదెవరన్నదే అక్కడ లెక్క. స్పెల్లింగు దగ్గర మనం చేసేది చాలాసార్లు ఇదే. పెద్ద ప్రొఫెసర్ సంతకంతో వచ్చిన సర్క్యులర్‌లో అపాస్ట్రఫీ తప్పుంటే 'టైపిస్టు పొరపాటు' అనుకుంటాం. అదే తప్పు గెస్ట్ లెక్చరర్ రాస్తే 'ఈమెకి ఉద్యోగం ఎలా ఇచ్చారో' అంటాం. తప్పు ఒకటే, మైల ఒకటి కాదు. ఇంకో సంగతి. మడి నియమాలు పెట్టింది మగవాళ్ళయినా, తడిబట్ట కట్టుకుని పొయ్యి దగ్గర కాపలా కాసింది ఆడవాళ్ళు. ఆ రాత్రి తడిబట్ట కట్టుకున్నది నేనే.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో జూలీ బోలండ్, రాబిన్ క్వీన్ 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం ఉంది. ఇల్లు పంచుకోవడానికి మనిషి కావాలన్న ప్రకటనకి వచ్చిన జవాబులుగా కొన్ని ఉత్తరాలు తయారుచేసి 83 మందికి ఇచ్చారు. కొన్నింటిలో ఇలాంటి జంట మాటల తప్పులున్నాయి. తప్పులున్న ఉత్తరాలు రాసినవాళ్ళకి తక్కువ మార్కులు పడ్డాయి. ఈ జంట మాటల తప్పుల మీద ఎక్కువ పట్టింపు చూపించినవాళ్ళు ఇతరులతో అంతగా సర్దుకుపోని స్వభావం ఉన్నవాళ్ళని తేలింది. అది అమెరికాలో కొద్దిమందితో చేసిన పని, మనకి నేరుగా అన్వయించలేం. ఒకటి మాత్రం నాకు తగిలింది. అక్షరాన్ని చూసి మనిషి పనికొస్తుందా లేదా అని తేల్చేస్తాం, ఉత్తరంలో ఏముందో చదివాకే అనుకుంటూ.

నా స్వభావం మీదికే మొత్తం నెట్టేస్తే తప్పించుకున్నట్టే అవుతుంది. దీనికి ఒక చరిత్ర ఉంది. కన్యాశుల్కంలో వెంకమ్మ కొడుకు ఇంగ్లీషు ఎలా మాట్లాడతాడో వినాలని ముచ్చటపడుతుంది. గిరీశం, వెంకటేశం కలిసి పిల్లల పద్యం ముక్కలూ, పాఠాల ముక్కలూ ఏకరువు పెట్టి సంభాషణ అనిపిస్తారు. మనం ఆ బూటకాన్ని చూసి నవ్వుతాం. ఆ ఇంట్లో దాన్ని పట్టుకోగల ఆడమనిషి ఎందుకు లేదో ఆలోచించం. ఇంగ్లీషు ఆ ఇంట్లో మగపిల్లాడి సొత్తు. అక్కడి నుంచి మనం నాలుగు గీతల కాపీ పుస్తకం పట్టుకుని, డిక్టేషన్లు రాసి, తప్పుకి వందసార్లు ఇంపొజిషన్ రాసి ఇక్కడిదాకా వచ్చాం. ఎదుటివాళ్ళ తప్పు పట్టగలగడం మనకి ఉత్తినే రాలేదు. అందుకే అందులో అంత తీపి. మనల్ని లోపలికి రానిచ్చిన గేటుని మనం మర్చిపోలేం, దాని పక్కనే నిలబడిపోతాం.

1854లో వచ్చిన 'కావ్యఫులే'లో సావిత్రిబాయి ఇంగ్లీషుని తల్లి అని పిలిచింది. తల్లి అంటే ఆకలి తీర్చేది. బడి గుమ్మం దాటనివ్వని కులాల పిల్లలకి ఆ భాష కొత్త దారిగా కనిపించిన రోజులవి. అదే భాషని మళ్ళీ గుమ్మం దగ్గర కాపలా పెట్టడానికి వాడామంటే, ఆమె వారసులమని చెప్పుకునే హక్కు మనకి ఎంత ఉంటుంది?

మన దగ్గర వేరే పద్ధతి కూడా ఉంది. స్త్రీశక్తి సంఘటన 1986లో తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' నాకు అందుకే మళ్ళీ మళ్ళీ గుర్తొస్తుంది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని వాళ్ళు మాట్లాడిన తీరులోనే ఆ పుస్తకంలో అచ్చు వేశారు. చాకలి ఐలమ్మ, మల్లు స్వరాజ్యం పుస్తకభాషలోకి దిద్దబడలేదు. ఆ పుస్తకం తయారుచేసినవాళ్ళకి వ్యాకరణం తెలియక కాదు. దిద్దితే ఏది పోతుందో తెలిసి. టేపు ముందు కూర్చున్న స్త్రీ 'నేను సరిగ్గా మాట్లాడుతున్నానా' అని కాకుండా 'ఏం జరిగిందంటే' అని మొదలుపెట్టగలగాలంటే, వినేవాళ్ళు తమ ఎర్రసిరా కలాన్ని ఎక్కడో ఒకచోట పక్కన పెట్టాలి.

అలాగని ఎవరూ ఎవరినీ దిద్దొద్దు అనడం నా ఉద్దేశం కాదు. అది ఇంకో రకం మోసం. నా దగ్గరికి వచ్చే అమ్మాయిలు, ముఖ్యంగా వాళ్ళింట్లో మొదటిసారి కాలేజీ చూసినవాళ్ళు, అప్లికేషన్ తెచ్చి "చూడండి మేడమ్, తప్పులుంటే అక్కడ నవ్వుతారు" అంటారు. అప్పుడు నేను భాషాస్వేచ్ఛ గురించి ఉపన్యాసం చెప్పి పంపేస్తే నష్టపోయేది వాళ్ళే. స్పెల్లింగు వచ్చినవాళ్ళు స్పెల్లింగు ముఖ్యం కాదనడం సులువు. ఈ పత్రికకి వచ్చే ప్రతి రచననీ ఎవరో ఒకరు కూర్చుని దిద్దుతారు, ఈ వ్యాసం కూడా అలా దిద్దాకే మీ చేతికి వస్తుంది. ఆ దిద్దుబాటు రచన లోకంలోకి వెళ్ళేముందు, రాసినవాళ్ళ పక్కన కూర్చుని చేసేది. నేను చేసింది ఆమె మాట నలుగురిలోకి వచ్చాక, నలుగురి ఎదుట. దిద్దమని ఆమె అడగలేదు. అడిగినదానికి నేను జవాబు చెప్పలేదు. ఇంగ్లీషు ఒక్కటే కాదు, 'బాధ' అన్న మాటని 'భాద' అని రాసిన ఉత్తరం వస్తే ఒత్తు ఎక్కడుండాలో చెప్పేముందు ఆ బాధేమిటో అడగాలి. ఇది చెప్పడానికి ఏ సిద్ధాంతమూ అక్కర్లేదు. నాకే ఇన్ని పుస్తకాలు కావాల్సొచ్చాయి.

ఆమె ఆ తర్వాత గ్రూపులో ఏమీ రాయలేదు. నాలుగు నెలలకి వెళ్ళిపోయింది. ఆ ఉద్యోగమూ పోయిందని వేరేవాళ్ళ ద్వారా విన్నాను. ఇంకో ఆరు నెలలు గడిచాక నంబరు సంపాదించి ఫోన్ చేశాను. వెనక పిల్ల ఏడుస్తోంది. క్షమించమంటే, "అయ్యో, మీరు చెప్పింది కరెక్టే కదా మేడమ్" అంది. ఆ మాటలో దెప్పు లేదు, అదే నాకు కష్టంగా అనిపించింది. తీర్పు గురించి చెప్పాను. ఇప్పుడెందుకు మేడమ్ అంది ముందు. వారం తర్వాత తనే లేబర్ ఆఫీసుకి అర్జీ రాసి, చూసి పెట్టమని పంపింది. ఈసారి మొదట తేదీలు చూశాను, జీతం కాగితాలు జత చేసిందా లేదా చూశాను, పనిచేసిన రోజులు లెక్క కట్టాను. స్పెల్లింగు చివర్న చూశాను.

ఆ అర్జీలో ప్రిన్సిపాల్ అన్న మాట ఆరుసార్లు వచ్చింది. ఆరుసార్లూ చివర పి-ఏ-ఎల్ ఉంది. ఆ పది నెలల్లో ఆమె నా దగ్గర నేర్చుకున్నది అదొక్కటే.